తుల్సీరాం గిర్ని

మా కాలేజీలో ఎంబీఏ పిల్లలకిచ్చే రికార్డు పుస్తకంలో తుల్సీరాం గురించి నాలుగు పేజీలున్నాయి. రాయించింది నేనే. పైన రంగుల ఫోటో, కింద అతని ఊరు, వయసు, వ్యాపారం, చివర్లో మొదటి బహుమతి వచ్చిన సంగతి. రాసినవన్నీ నిజాలే. రాయకుండా వదిలేసింది చెప్పడానికే ఇప్పుడు కూర్చున్నాను. చెప్పాలంటే సిగ్గుగా ఉంది. ఏడాదిగా ఆ సిగ్గును ఎవరి కంటా పడకుండా దాచుకుని తిరిగాను. ఇంక నా వల్ల కావడం లేదు.

నా పేరు నాగలత. ఖమ్మం నుంచి కొత్తగూడెం వెళ్లే రోడ్డు మీదున్న ఒక ప్రైవేటు కాలేజీలో పాఠాలు చెబుతాను. మాది ముదిగొండ. తాతల నాడు కృష్ణా జిల్లా నుంచి వచ్చి భూములు కొనుక్కున్న కుటుంబం, మిర్చి పండించే ఇల్లు. బిజినెస్ ప్లాన్ రాయడం ఎలాగో పదేళ్లుగా పిల్లలకు నేర్పుతున్నాను. నేను మాత్రం ఒక్క రోజు కూడా కిళ్లీకొట్టయినా నడిపినదాన్ని కాదు. ఆ మాట ఎవరన్నా అంటే ఒళ్లు మండేది. ఇప్పుడు అనేవాళ్లు లేరు, నాకు నేనే అనుకుంటున్నాను.

నిరుడు సంక్రాంతి సెలవులయ్యాక కొత్త పేపరు ఒకటి మొదలుపెట్టాం. పిల్లలు తరగతిలో కూర్చుని ఊహించి ప్లాన్లు రాయకూడదు. చుట్టుపక్కల కొత్తగా వ్యాపారం పెట్టినవాళ్ల దగ్గరికి వెళ్లి, నాలుగు నెలలు వాళ్లతో కలిసి పనిచేసి, వాళ్లకు పనికొచ్చే ప్లాన్ రాసివ్వాలి. ఆలోచన నాది. దానిమీద ప్రిన్సిపాల్ నన్ను స్టాఫ్ మీటింగులో నిలబెట్టి మెచ్చుకున్నాడు. ఆ మెప్పు నా తలకెక్కిందని అప్పట్లో నాకు తెలియలేదు.

తుల్సీరాం సంగతి మోసుకొచ్చింది భాను. ఆ అమ్మాయిది కూడా అతనిలాగే లంబాడీ తండానే. బస్సు దిగి రెండు కిలోమీటర్లు నడిచి కాలేజీకి వస్తుంది. వాళ్ల తండాకు రోజూ పొద్దున్నే నడిచే గిర్ని వస్తుందని చెప్పింది. నడిచే గిర్ని ఏమిటని నవ్వాను. నాగచైతన్య అనే కుర్రాణ్ణి ఆమెకు జట్టుగా ఇచ్చి, నేనూ కారు తీసుకుని వెళ్లాను.

ఇల్లెందు దాటాక అడవి మొదలయ్యే చోట రేగుళ్ల తండా ఉంది. అక్కడ తుల్సీరాంను మొదటిసారి చూశాను. నలభై రెండేళ్ల మనిషి. సన్నగా, పొడుగ్గా ఉంటాడు. కనురెప్పల మీద, మీసాల మీద జొన్నపిండి. ట్రాలీ ఆటో వెనక డీజిల్ ఇంజను, దానికి బెల్టుతో తిరిగే పిండి గిర్ని బిగించుకున్నాడు. గిర్ని అంటే మా వైపు పిండిమర.

అతని తండ్రి పేరు దేవ్లా, పశువులు కాసేవాడు. తుల్సీరాం ఇంటర్ సగంలో మానేసి లారీ క్లీనరుగా చేరాడు. తర్వాత కొత్తగూడెం పక్కన బొగ్గు టిప్పర్లు నడిపాడు. పన్నెండేళ్లు అదే పని. ఆ రోజుల్లో వాళ్లమ్మ జొన్నల సంచి నెత్తిన పెట్టుకుని ఆరు కిలోమీటర్లు నడిచి గిర్నికి వెళ్లేదట. ఒక వానాకాలం వాగు దగ్గర జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. మంచంలోనే ఉండి రెండేళ్లకు పోయింది. జొన్నలు గిర్నికి పోవుడెందుకు, గిర్నే జొన్నల కాడికి రావాలె అని తనకు అప్పుడు అనిపించిందని తుల్సీరాం మాతో అన్నాడు. నేను పదేళ్లుగా పాఠంలో చెప్పేది, అతను తల్లి మంచం పక్కన కూర్చుని తెలుసుకున్నాడు. అది నాకు ఆ రోజు తట్టలేదు. చైతన్య మాత్రం నోటుబుక్కులో రాసుకుని కింద గీత గీశాడు.

నాలుగు తండాలు, రెండు గూడేలు తిరుగుతాడు. మిర్చి ఏరడానికి కూలికి పోయేవాళ్లు తెల్లారకముందే ఆటోలెక్కి వెళ్లిపోతారు. పోతూ పోతూ జొన్నల డబ్బా గడప ముందు పెట్టిపోతారు. ఏ డబ్బా మీదా పేరుండదు. ఏ సొట్ట ఎవరి డబ్బాదో అతనికి తెలుసు. పట్టి, మూత పెట్టి, మళ్లీ అదే గడప ముందు పెడతాడు. సాయంత్రం వాళ్లొచ్చి రొట్టెలు చేసుకుంటారు.

మూత పెట్టేముందు ఒక పని చేసేవాడు. చిటికెడు పిండి నాలుక మీద వేసుకుని, కళ్లు మూసుకుని, అంగిలికి రుద్ది చూసేవాడు. రాయి పొడి రాలిందా, జొన్నలు ముక్కిపోయాయా, పురుగు పట్టిందా అన్నీ ఆ చిటికెడులో తెలుస్తాయట. బాగుంటేనే మూత. బాగుండకపోతే డబ్బా పక్కన పెట్టి, సాయంత్రం వాళ్లు వచ్చేదాకా ఆగి స్వయంగా చెప్పి వెళ్లేవాడు. గిర్ని మొదలుపెట్టిన మూడేళ్లలో ఎవరూ అతని పిండిని అనుమానంగా చూసింది లేదు. చైతన్య దాన్ని నాణ్యత పరీక్ష అని రాశాడు. నేను పక్కన రైటు మార్కు పెట్టాను.

మా పిల్లలంటే అతనికి ప్రాణం. వారానికి మూడు రోజులు వాళ్లు తండాకు పోతే, అతని భార్య సరళ వేడి రొట్టెలు, పచ్చి మిరపకాయ నూరిన కారం పెట్టేది. సదువు మధ్యల ఇడ్సిపెట్టొద్దు బిడ్డా అని భానుకు వెళ్లిన ప్రతిసారీ చెప్పేవాడట.

ఫిబ్రవరిలో ప్లాన్ సగానికొచ్చింది. హైదరాబాదులో కాలేజీల మధ్య పోటీ ఒకటి ఉంది, మార్చి చివరన. అన్ని కాలేజీలవాళ్లూ తమ వ్యాపారితో సహా వెళ్లి వేదిక మీద ప్లాన్ చెప్పాలి. నేను మా వాళ్ల ప్లాన్ చదివి మొహం చిట్లించాను. అంతా బాగుంది, ఎదుగుదల ఏది? పొద్దున పదింటికల్లా గిర్ని ఆగిపోతుంది, రోజంతా ఖాళీ. ఖాళీగా ఉన్న యంత్రాన్ని చూస్తే నాకు చేతులు దురద పెడతాయి. ఖమ్మం జిల్లా, మిర్చి కాలం, ఇంటింటా ఏడాదికి సరిపడా కారం పట్టించుకునే రోజులు. మధ్యాహ్నం నుంచి మిర్చి పట్టమన్నాను.

భాను నెమ్మదిగా చెప్పింది, మా తండాల్లో జొన్నలు పట్టే గిర్నిలో మిర్చి పట్టించరు మేడం అని. ముదిగొండ ఆడపిల్లకు మిర్చి గురించి చెబుతున్నావా అన్నాను. తరగతి అంతా నవ్వింది. భాను తల దించుకుంది. ఆ నవ్వుకు నేను లోలోపల మురిసిపోయాను కూడా. ఇప్పుడది గుర్తొస్తే భూమిలోకి కూరుకుపోవాలనిపిస్తుంది.

తుల్సీరాం కూడా వద్దన్నాడు. వాళ్లింటి ముందు నులక మంచం మీద నేను కూర్చున్నాను. అతను నిలబడే ఉన్నాడు. నాకంటే అయిదేళ్లు పెద్ద. కూర్చోమని నేననలేదు.

"జొన్నలు పట్టే రాళ్లకు మిర్చి సూపెట్టొద్దు మేడం. రాయి మర్వదు," అన్నాడు.

"రాళ్లకు జ్ఞాపకాలుంటాయా తుల్సీరాం? తవుడేసి రెండుసార్లు తిప్పితే పోతుంది. పట్నాల్లో అందరూ చేసేదే. మరి నీ ఇష్టం. ఈ పిల్లల మార్కులు మాత్రం నీ చేతిలో ఉన్నాయి."

అతను చైతన్య వైపు, భాను వైపు చూశాడు. వాళ్లు అరుగు మీద కూర్చుని రొట్టె తింటున్నారు. భాను చేతిలో ముక్క అలాగే ఆగిపోయింది. చివరికి పిల్లల కోసమైతే సరే అన్నాడు. నేను గెలిచానని అనుకుంటూ కారెక్కాను.

మొదట పట్టింది మా ఇంటి మిర్చే. అమ్మ, అంటే మా సుబ్బరత్నమ్మగారు, తొడిమలు తీయించి ఎండబెట్టిన బస్తా ఒకటి ఇచ్చి పంపింది. ఖమ్మంలో కారం పట్టేచోట పూటంతా వరసలో నిలబడాలి, ఇక్కడైతే మా లతకు తెలిసినవాడు అని ఆమె చుట్టాలందరికీ చెప్పింది. ఆ తర్వాత ముదిగొండ నుంచి వారానికి అయిదారు బస్తాలు వచ్చాయి. అవీ నేనే కారులో వేసుకొచ్చాను. ప్లాన్‌లో వాటిని కొత్త గిరాకీ కింద చూపించాం. నేను చెప్పానని పట్టించుకున్న మా చుట్టాలే ఆ గిరాకీ అని ఎక్కడా రాయలేదు.

మూడు వారాలు మధ్యాహ్నం మిర్చి, పొద్దున జొన్నలు. రోజూ సాయంత్రం తుల్సీరాం రెండుసార్లు కాదు, నాలుగుసార్లు తవుడు తిప్పేవాడట. రాళ్లు విప్పి గుడ్డతో తుడిచేవాడట. పొద్దున చిటికెడు నాలుక మీద వేసుకుంటే పిండి చప్పగానే ఉండేది. బాగుందని మూత పెట్టేవాడు.

పోటీకి ముందు రోజు సాయంత్రం అయిదింటికి ఫోన్ చేశాడు. నేను బట్టలు సర్దుకుంటున్నాను.

"మేడం, నా నాల్క సచ్చిపోయింది."

నాకు అర్థం కాలేదు. నెమ్మదిగా చెప్పుకొచ్చాడు. పక్కింటి పూలమ్మ, తండాలో అందరూ పూలి అంటారు, తొమ్మిది నెలల మనవరాలికి జొన్న జావ కాచి పోసింది. రెండు గుక్కలు తాగిందో లేదో పిల్ల గుక్క పట్టి ఏడ్చింది, పెదాలు వాచాయి, తాగింది కక్కుకుంది. కొత్తగూడెం దవాఖానాకు ఎత్తుకుపోయారు. తుల్సీరాం ఆ డబ్బాలో పిండి నాలుక మీద వేసుకుని చూశాడు, చప్పగానే ఉంది. సరళ వేసుకుని చూసి ఉమ్మేసింది, కారం. రొట్టె మిరప కారంతోనే తినే పెద్దవాళ్లెవరికీ అన్నాళ్లూ ఆ ఘాటు తెలియలేదు. మూడు వారాలుగా మధ్యాహ్నమంతా మిర్చి ఘాటులో నిలబడి నిలబడి అతని నాలుకకు కారమే తెలియకుండా పోయింది. పిండి మంచిదో కాదో చెప్పాల్సిన నాలుకే మొద్దుబారింది. అది మొద్దుబారిన సంగతి అతనికెలా తెలుస్తుంది? దాన్ని చూసేందుకు అతని దగ్గర ఇంకో నాలుక లేదు.

పిల్లకు ఎలా ఉందని అడిగాను. ఆ మాటైనా అడిగాను, అంతవరకు నయం. పర్వాలేదు, పండుకున్నదన్నాడు. అప్పుడు నేనన్న మాట ఇదీ: "సరే, రేపు ముందు హైదరాబాదు రా. ఈ సంగతి అక్కడ ఎత్తకు. వచ్చాక చూసుకుందాం." సరే మేడం అన్నాడు. ఫోన్ పెట్టేసి నేను చీరకు మ్యాచింగ్ గాజులు వెతుక్కున్నాను. ఇది రాస్తుంటే నా మొహం నాకే చూసుకోబుద్ధి కావడం లేదు.

మర్నాడు ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. రాత్రంతా దవాఖానాలో ఉండి, అక్కణ్ణుంచే బస్సెక్కాడట. కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి. చైతన్యకూ భానుకూ నేనేమీ చెప్పలేదు. భాను వాళ్లది వేరే తండా, ఆమెకింకా తెలియదు. పెద్ద హాలు, చల్లటి ఏసీ. చైతన్య అదరగొట్టాడు. తెర మీద తుల్సీరాం కళ్లు మూసుకుని పిండి రుచి చూస్తున్న ఫోటో వేసి, ఈ అన్న నాలుకే మా లాబొరేటరీ అన్నాడు. హాలంతా చప్పట్లు.

న్యాయనిర్ణేతల్లో ఒక పెద్దాయన ముచ్చటపడి మైకు తుల్సీరాంకు ఇప్పించాడు. మూడేళ్లుగా రుచి చూస్తున్నారు కదా, మీ నాలుక ఎప్పుడూ తప్పు చెప్పలేదా అని నవ్వుతూ అడిగాడు.

తుల్సీరాం నా వైపు చూశాడు. మొదటి వరసలో ఉన్నాను, చక్కగా కనపడతాను. తల కొంచెం ఊపితే చాలు, అతను ఉన్నదున్నట్టు చెప్పేసేవాడు. దానికోసమే చూశాడు. నేను ఒళ్లో ఉన్న కార్యక్రమ పత్రం తిరగేసి చదువుతున్నట్టు తల దించుకున్నాను.

"లేదు సార్," అన్నాడు.

మొదటి బహుమతి మాకే వచ్చింది. ఫోటోలో నేను మధ్యలో ఉన్నాను. షీల్డు ఒక పక్క నేను పట్టుకున్నాను, ఇంకో పక్క తుల్సీరాం పట్టుకున్నాడు. ఆ చొక్కా జేబులో దవాఖానా చీటీ మడిచి పెట్టుకున్నది కూడా ఫోటోలో కనిపిస్తుంది. పిల్లలు అదేదో బస్ టికెట్ అనుకుంటారు.

తండాకు తిరిగి వెళ్లి అతను చేసిన పని నేను ఏ ప్లాన్‌లోనూ రాయించలేదు. ఇల్లిల్లూ తిరిగి, నాలుగు తండాలూ రెండు గూడేలూ తిరిగి, నేను పట్టిన పిండి తినొద్దు, గొడ్లకు పెట్టుండ్రి, నాది తప్పైంది అని తనే చెప్పాడు. ఎవరూ తిట్టలేదట. మంచిది తుల్సీరాం అన్నారట. మర్నాటి నుంచి మాత్రం గడపల ముందు డబ్బాలు లేవు. మూడు రోజులు పొద్దున్నే ట్రాలీ వేసుకుని వీధి వీధీ తిరిగాడు. ఇంజను చప్పుడు విని ఎవరూ బయటికి రాలేదు. నాలుగో రోజు వెళ్లలేదు.

ఇది నేను వారం తర్వాత ఫోటో ఫ్రేము కట్టించుకుని తండాకు వెళ్లినప్పుడు తెలిసింది. ఫ్రేము! ఇప్పుడు తలుచుకుంటే నన్ను నేనే చెంపలు వాయించుకోవాలనిపిస్తుంది. సరళ మంచం వేయలేదు. పక్కింట్లోంచి పూలి, చంకలో పసిపిల్లతో వచ్చింది. పిల్ల పెదాల మీద పొక్కులు ఎండి చెక్కు కట్టాయి. పూలి లంబాడీలో ఏదో అనబోయి ఆగింది. నాకర్థం కావాలని తెలుగులో అంది.

"మీ సదువుకు మా పిల్ల నోరే దొరికిందా మేడం?"

అక్కడైనా, ఇది నేను చేయించిన పని అని ఒక్క ముక్క అనాల్సింది. తుల్సీరాం గబగబా ముందుకొచ్చి, మేడంను ఏమనకు, పట్టింది నేనే కదా అన్నాడు. నేను ఆ మాట వెనక దాక్కుని, తోక ముడుచుకుని వచ్చేశాను.

గిర్ని అమ్మేశాడు. కొత్త రాళ్లు వేయించుకోవచ్చు కదా అని భాను అడిగితే, రాళ్లు కొత్తవి దొరుకుతయి బిడ్డా, నా నాల్కను ఇంకెవ్వరు నమ్ముతరు అన్నాడట. భాను ఆ మాట నాకు చెప్పి, పరీక్షలు రాసి, సర్టిఫికెట్లు తీసుకుని వెళ్లిపోయింది. మళ్లీ నాతో మాట్లాడలేదు.

నేను ప్రిన్సిపాల్‌ను పట్టుకుని తుల్సీరాంకు మా కాలేజీలో బస్సు డ్రైవరు ఉద్యోగం ఇప్పించాను. టిప్పర్లు నడిపిన చెయ్యి, లైసెన్సు ఉంది. నాగలత మేడంది ఎంత పెద్ద మనసో అని స్టాఫ్ రూమంతా అన్నారు. నేను గంగిరెద్దులా తలాడించాను. రోజూ పొద్దున అతను నమస్తే మేడం అంటాడు. వెటకారం ఉండదు, నిష్ఠూరం ఉండదు. ఉంటే ఎంత బాగుండునో. పాఠంలో మాత్రం అతని నాలుగు పేజీలూ అలాగే చెప్పుకుంటూ వచ్చాను.

మొన్న జనవరిలో కొత్త బ్యాచ్‌ను పర్ణశాల తీసుకెళ్లాం. అక్కడ జంపక్క అనే ఆవిడ, యాత్రికులకు వెదురు బుట్టల్లో భోజనం కట్టిచ్చే పని కొత్తగా మొదలుపెట్టింది. కాలేజీ బస్సు, ముప్పై మంది పిల్లలు. తుల్సీరాం నడుపుతున్నాడు. నేను అతని వెనక సీటులో కూర్చున్నాను. పాల్వంచ దాటి అడవిలో పడ్డాక, సోని అనే అమ్మాయి రికార్డు పుస్తకం పట్టుకుని ముందుకొచ్చింది. ఫోటోను చూసింది, అద్దంలో అతని మొహం చూసింది.

"అన్నా, గీ తుల్సీరాం మీరేనా? గింత మంచిగ నడిచే గిర్ని ఎందుకు బంద్ పెట్టిన్రు?"

పిల్లలందరూ చెవులు రిక్కించారు. అద్దంలో తుల్సీరాం కళ్లు ఒక్క క్షణం నా మీద ఆగాయి. సరిగ్గా ఆ హాల్లో చూసినట్టే చూశాడు. మళ్లీ రోడ్డు మీదికి తిప్పుకున్నాడు.

"జొన్నల గిర్నిల మిర్చి పట్టిన బిడ్డా. పట్టొద్దని ఎరుకుండి గూడ పట్టిన. ఒక పసిపిల్ల నోరు కాలింది. తప్పు నాదే."

సోని నోటుబుక్కు తీసింది. వ్యాపారి చేసిన పొరపాటు అని రాసుకుంటోంది. వెనక సీట్లలో కూడా పెన్నులు తీస్తున్నారు. ముప్పై పుస్తకాల్లో ఆ మాట అలాగే ఎక్కుతుంది, మార్కులు వేసేది నేనే. ముందున్న కడ్డీ పట్టుకుని లేచి నిలబడ్డాను.

"అది రాయకండి," అన్నాను. "తప్పు తుల్సీరాంది కాదు. ఆయన వద్దన్నాడు, నేనే పట్టించాను. మీ సీనియర్ల మార్కులు చూపించి భయపెట్టి పట్టించాను. మొదటి బస్తా మా ఇంటిదే. పిల్ల నోరు కాలిందని నాకు ముందు రోజే తెలుసు. తెలిసి కూడా ఆయనతో వేదిక మీద అబద్ధం చెప్పించి, బహుమతి తెచ్చుకున్నాను."

సోని పెన్ను పుస్తకం మీదే ఆగిపోయింది. తుల్సీరాంను అన్నా అని నేనెప్పుడూ పిలిచి ఎరగను. ఇప్పుడు పిలిచి, ఇంకా ఏదో చెప్పాలని ఉంది. క్షమించమని కావచ్చు. అతను వెనక్కి తిరగలేదు. గేరు తగ్గించాడు.

"గది నాకు ఎరుకే మేడం," అన్నాడు. "కూసోండి, ముంగట మలుపున్నది."

కూర్చున్నాను.